కార్బురేటర్ ఇంట్లో విప్పాలా, షెడ్డుకి ఇవ్వాలా?

చోక్ వేస్తేనే బండి స్టార్టవుతుంది. చోక్ తీయగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ బాగా తిప్పి ఉంచితే పరిగెడుతుంది, వదిలితే చాలు చచ్చిపోతుంది. కోనసీమలో వానాకాలం గడిచాక పాత డర్ట్ బండ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. చాలావరకు ఇంజనుకి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్లో స్లో జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు అందించే, సన్నని రంధ్రమున్న చిన్న భాగం) మూసుకుపోవడమే కారణం. దీనికి నాలుగు దారులున్నాయి: కార్బురేటర్ గిన్నె అడుగు పెట్రోలు వంపేయడం, విప్పకుండా స్ప్రే కొట్టడం, మనమే దించి శుభ్రం చేయడం, మెకానిక్‌కి ఇవ్వడం.

ఇదంతా కార్బురేటర్ ఉన్న బండ్ల గురించే. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2019 నాటి ఎక్స్‌పల్స్ 200లో కార్బురేటర్ మోడల్ లాంటివన్న మాట. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్స్‌పల్స్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఒక్కటే మిగిలింది. దానికి ఈ పద్ధతులు పనికిరావు.

నా మట్టుకు మొదటి ఓటు అడుగు పెట్రోలు వంపేయడానికే. మన డెల్టాలో కార్బురేటర్‌కి దుమ్ము కంటే నీళ్లే పెద్ద శత్రువు. కాలవ గట్ల మీద, రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండి, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు ఎక్కే బండి ఏడాది పొడవునా తేమలోనే ఉంటుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అది హద్దు దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఏటిగట్టు అవతల వరద ఉన్నన్నాళ్లూ లంకకి వెళ్లే పని లేక బండి కదలకుండా పడి ఉంటుంది కదా, అప్పుడే ఇది జరిగేది.

ఇంజను చల్లారాక పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) కట్టేసి, కార్బురేటర్లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చింది గాజు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొరగానీ నీటి బొట్లుగానీ కనిపిస్తాయి. కనిపిస్తే ట్యాంకులో కూడా ఉన్నట్టే, దాన్నీ వంపాలి. తర్వాత కొత్త పెట్రోలు పోసి, బండి ఓ పావుగంట నడిపి చూడండి. నా బండి రెండు వానాకాలాలు దీంతోనే దారికి వచ్చింది, కార్బురేటర్ ముట్టుకోనే లేదు.

స్ప్రే మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మూతి దగ్గర కొడితే పైకి కనిపించే జిగురు పోతుంది. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, పైగా అది గిన్నె లోపల పెట్రోల్లో మునిగి ఉంటుంది. పైనుంచి కొట్టింది అక్కడికి చేరదు. రబ్బరు డయాఫ్రమ్ (పై మూత కింద ఉండే పలచని పొర) ఉన్న కార్బురేటర్ అయితే స్ప్రే తగిలి ఆ రబ్బరు ఉబ్బిపోవచ్చు. దించి విప్పాక, రబ్బరు భాగాలన్నీ పక్కన పెట్టాక కొడితే మాత్రం అదే స్ప్రే చాలా మేలు చేస్తుంది.

వంపినా దారికి రాకపోతే విప్పాల్సిందే. ఇంట్లోనా, షెడ్డులోనా? ఓపిక, సరైన స్క్రూడ్రైవర్ ఉంటే ఇంట్లోనే మేలు అంటాను. సీజన్లో షెడ్డు ముందు పది బండ్లు వరసలో ఉంటాయి. ఆ హడావుడిలో గిన్నె తుడిచి, గాలి కొట్టి, మళ్లీ బిగించేస్తారు. స్లో జెట్‌ని వెలుగుకు పెట్టి ఆ సన్నని చుక్క గుండ్రంగా కనిపించేదాకా కడిగే తీరిక బండి యజమానికే ఉంటుంది.

నేను చేసే తీరు చెబుతాను. పొయ్యికి, దీపానికి దూరంగా, ఆరుబయట, తెల్లగుడ్డ పరిచి కూర్చుంటాను. విప్పే ప్రతి దశకీ ఫోన్లో ఫొటో తీస్తాను. పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ఊడదీసే ముందు లోపలికి మెల్లగా తిప్పి, ఆగేదాకా ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకుంటాను. ఆ లెక్క పోతే మళ్లీ ట్యూనింగ్ కుదరడానికి సగం రోజు పడుతుంది. గిన్నె స్క్రూలు మెత్తటివి, ఉప్పు గాలికి బిగుసుకుపోయి ఉంటాయి. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో ముందు గట్టిగా నొక్కి, ఆ తర్వాతే తిప్పాలి. జెట్‌లో సూది, ఇనప తీగ పెట్టొద్దు. రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. కరెంటు వైరులోని సన్నని రాగి పోగు చాలు. గాలి కొట్టడానికి పంక్చర్ షాపుకి వెళతాను. జెట్ చేతిలోంచి ఎగిరిపోకుండా వేళ్ల మధ్య గట్టిగా పట్టుకోవాలి.

మొదటిసారి బిగించాక నా బండికి పికప్ పూర్తిగా పోయింది. జెట్లు మూడుసార్లు కడిగాను, ఫలితం లేదు. చివరికి మా ఊరి మెకానిక్ మూత తీసి చూసి, "ఆయ్, డయాఫ్రమ్ అంచు గాడిలో కూర్చోలేదండీ, నలిగిపోయింది" అన్నాడు. అప్పటినుంచి మూత బిగించే ముందు ఆ అంచు చుట్టూ వేలితో తడిమి చూసుకుంటాను.

అందుకే కొన్ని పనులు షెడ్డుకే వదిలేస్తాను. గాడి అరిగిన స్క్రూ తీయడం, ఫ్లోట్ (గిన్నెలో తేలే బుడ్డి) ఎత్తు సరిచేయడం, గిన్నెలోకి వచ్చే పెట్రోలుని ఆపే ఫ్లోట్ సూది మార్చినా ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు కారుతుంటే చూడటం అనుభవం ఉన్న చేతికే తగినవి. పొద్దున్నే, గిరాకీ మొదలవకముందు వెళ్లి పక్కన కూర్చోండి. చూస్తే నేర్చుకుంటారు కూడా.

ఇంకో మాట. కార్బురేటర్ విప్పే ముందే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. స్పాంజి ఫిల్టర్, కాగితం ఫిల్టర్ రెండింట్లో బురద దారులకు నాకు స్పాంజే నచ్చుతుంది. కిరసనాయిలుతోనో సబ్బు నీళ్లతోనో కడిగి, పిండి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి మళ్లీ వేసుకోవచ్చు. పెట్రోలుతో కడిగితే స్పాంజి పాడవుతుంది. కాగితందాన్ని కడగడం కుదరదు, తడిస్తే మార్చాల్సిందే. చైనుకి ఓ-రింగులుంటే (లింకుల మధ్య రబ్బరు రింగులు) దానికీ పెట్రోలు, ఇనప బ్రష్ వద్దు. కిరసనాయిలుతో తుడిచి 90 నంబరు గేర్ ఆయిల్ పట్టిస్తే చాలు.

ఫిల్టర్ పెట్టె దాకా నీళ్లు వెళ్లిన బండిని మాత్రం కిక్కు కొట్టి చూడొద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ముందు స్పార్క్ ప్లగ్ విప్పాలి. ఆ తర్వాత కిక్కు మెల్లగా తొక్కితే నీళ్లు బయటికి వచ్చేస్తాయి. ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చేయాలి.

ఈ ఏడాది వరద కబురు వినగానే కాక్ కట్టేసి, బండి దానంతటది ఆగేదాకా నడిపి, గిన్నెలో మిగిలిన నాలుగు చుక్కలూ డ్రెయిన్ స్క్రూ తిప్పి వంపేశాను. నీళ్లు తీశాక కాక్ తిప్పితే రెండో కిక్కుకే అందుకుంది. చోక్ తీసినా ఆగలేదు.