రీఫ్ ట్యాంకుకి ఏ నీళ్లు మేలు: సముద్రం నుంచి తెచ్చినవా, ఇంట్లో ఉప్పు కలిపినవా?

విశాఖలో చిన్న రీఫ్ ట్యాంక్ (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) పెట్టాలనుకునే వాళ్లందరికీ ముందుగా వచ్చే అనుమానం ఒకటే. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో అంత సముద్రం పెట్టుకుని, ఉప్పు బకెట్‌కి వేలకు వేలు పోయడం ఎందుకు? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అక్వేరియం షాపులో క్యాన్ల లెక్కన అమ్మే సముద్రపు నీళ్లు తెచ్చుకోవాలా, ఆర్వో నీళ్లలో సాల్ట్ మిక్స్ (సముద్రపు లవణాల పొడి) కలుపుకోవాలా అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్యాంక్ 100 లీటర్ల లోపయితే, మీది ఏ ఊరైనా సరే, ఉప్పు కలిపిన నీళ్లే మేలు. సముద్రపు నీళ్లు చెడ్డవని కాదు. మన తీరంలో అవి ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు, పగడాలకి కావలసింది మాత్రం అదే.

రీఫ్ ట్యాంక్ నీళ్లలో ఉప్పు లీటరుకి 35 గ్రాముల దగ్గర ఉండాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే సాంద్రత 1.026 అన్నమాట. ఆల్కలినిటీ (నీళ్లలో బైకార్బొనేట్ లాంటి క్షారాల పాలు) దాని కొలమానంలో 7 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉంటే చాలు. వీటిలో ఏదైనా కొంచెం అటూ ఇటూ ఉన్నా పగడాలు సర్దుకుంటాయి. ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటేనే ముడుచుకుపోతాయి.

"సహజమైన నీళ్లకి మించింది ఏముంటుంది?" అనే మాట తరచూ వినిపిస్తుంది. కానీ ఒక్కసారి మ్యాప్ చూడండి. మన దేశంలో పగడపు దిబ్బలున్న చోట్లు లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. ఆంధ్ర తీరం ఈ జాబితాలో లేదు. అక్కడక్కడా రాళ్ల మీద కొన్ని పగడాలు కనిపించినా, దిబ్బలు కట్టేంతగా లేవు. గోదావరి, కృష్ణ, పైనుంచి మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసే మంచినీళ్లూ ఒండ్రూ పగడాలకి పడవు. అంటే మనం బీచ్‌లో ముంచుకునేవి సహజమైన నీళ్లే గానీ, పగడాలు సహజంగా ఇష్టపడే నీళ్లు కావు.

అయినా ఏడాదంతా ఒక తీరుగా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. వానలూ నదుల్లో నీళ్లూ తక్కువ, కాబట్టి విశాఖ దగ్గర నీళ్లు బాగా ఉప్పగానే ఉంటాయి. జూలైలో గోదావరికి వరద మొదలైతే లెక్క మారిపోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకా కష్టం. ప్రవాహం వెనక్కి తిరిగి, ఉత్తరాన పెద్ద నదులు పోసిన పలచటి నీళ్లని మన తీరం మీదుగా కిందికి మోసుకొస్తుంది. వాన పడి పది రోజులు దాటింది కదా అని వెళ్లి ముంచుకున్నా ఉప్పు లీటరుకి 28 గ్రాముల దగ్గరే కనిపించవచ్చు.

28 అంటే ఎంత తేడా? 60 లీటర్ల ట్యాంకులో వారానికి పది శాతం, అంటే ఆరు లీటర్లు మార్చారనుకుందాం. మొదటి వారం 35 కాస్తా 34.3 అవుతుంది. ఎవరికీ తెలియదు, పగడాలు మామూలుగానే విచ్చుకుంటాయి. అలాగే నాలుగు వారాలు చేస్తే 32.6కి దిగుతుంది. అప్పుడు జోయాంతిడ్లు (పువ్వుల్లా గుంపుగా పెరిగే మెత్తటి పగడాలు) మూసుకుపోయాయని లైటుని అనుమానించడం మొదలుపెడతాం.

దీనికి మందు లేకపోలేదు. పలచబడిన సముద్రపు నీళ్లలో ఉప్పు తక్కువే గానీ, అందులోని ముఖ్యమైన లవణాల పాళ్లు ఇంచుమించు మారవు. 1872 నుంచి 1876 దాకా లోకమంతా తిరిగిన ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలని రసాయన శాస్త్రవేత్త విలియం డిట్‌మార్ పరీక్షించి, 1884లో గట్టిగా రుజువు చేసిన సంగతి ఇది. కాబట్టి 28 ఉన్న నీళ్లకి లీటరుకి 8 గ్రాముల సాల్ట్ మిక్స్ కలిపితే 35కి వస్తుంది. 20 లీటర్ల క్యానుకి 160 గ్రాములు. పనిచేస్తుంది. కాకపోతే, ఎలాగూ ఉప్పు బకెట్ కొనక తప్పలేదు కదా!

సముద్రపు నీళ్లే కావాలనుకుంటే ఎక్కడ తీసుకోవాలన్నది పెద్ద విషయం. హార్బర్ ఛానెల్, ఫిషింగ్ హార్బర్ దరిదాపులకి పోవద్దు. డీజిల్, పడవలకి పూసే రాగి రంగు అక్కడి నీళ్లలో కలుస్తాయి. రాగి చేపలకి మందే గానీ, రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ విషం. ఊరి కాలువలు కలిసే బీచ్‌లు వద్దు. భీమిలిలో గోస్తనీ నది మొగ దగ్గర వద్దు. రుషికొండకి బ్లూ ఫ్లాగ్ వచ్చింది కదా అంటారు. అది మనుషులు స్నానం చేయడానికి పనికొచ్చే నీళ్లని చెప్పే గుర్తింపు, నైట్రేట్ ఎంతో ఉప్పు ఎంతో చెప్పదు. ఒడ్డున అలలు విరిగే చోట నీళ్లలో ఇసుక, నురగ, చెత్త ఎక్కువ. వేటకెళ్లే పడవల వాళ్లని అడిగి, పోటు మీద లోపలి నుంచి క్యాన్లు నింపించుకోవడం ఉత్తమం. ఆ క్యాన్లు నూనెవీ పురుగుమందువీ కాకుండా చూసుకోవాలి.

ఇంతకంటే మంచి దారి మన రాష్ట్రంలోనే ఉంది, కానీ ఎక్కువమందికి తట్టదు. భీమిలి నుంచి కాకినాడ మీదుగా నెల్లూరు దాకా తీరం పొడుగునా రొయ్యల హ్యాచరీలున్నాయి. అవి సముద్రపు నీళ్లని శాండ్ ఫిల్టర్లలో వడగట్టి, క్లోరిన్‌తో శుభ్రం చేసి, ఆ క్లోరిన్ పోయాకే రొయ్యపిల్లలకి వాడతాయి. తెలిసినవాళ్లుంటే అక్కడి స్టోరేజీ ట్యాంక్ నుంచి నాలుగు క్యాన్లు ఇస్తారు. అడగాల్సినవి రెండే: ఉప్పు ఎంత ఉంది, మందులేమైనా కలిపారా? లార్వా ట్యాంకుల నుంచి వదిలేసిన నీళ్లు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

బీచ్ నుంచి నేరుగా తెచ్చిన నీళ్లని ఏం చేయాలి? కొందరు అదే రోజు పోసేస్తారు, అందులో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) బతికుంటే పగడాలకి మేత అని. మాట నిజమే. దానితోపాటు ఏ పరాన్నజీవి వస్తుందో తెలియదన్నది కూడా అంతే నిజం. పాత పద్ధతి ఏమిటంటే, మూత ఉన్న డ్రమ్ములో పోసి, వెలుతురు తగలకుండా రెండు మూడు వారాలు ఉంచడం. వెలుగు లేక ప్లాంక్టన్ చచ్చి, మడ్డి కిందికి దిగుతుంది. చచ్చినవి కుళ్లేటప్పుడు అమ్మోనియా పెరిగి తర్వాత తగ్గుతుంది. పైనుంచి మెల్లగా సైఫన్ చేసి, సన్నటి ఫిల్టర్‌లో వడగట్టి, ఎయిర్ పంప్ పెట్టి, అమ్మోనియా టెస్ట్ సున్నా చూపించాకే వాడాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వంద లీటర్ల డ్రమ్ము వారాల తరబడి ఉంటే ఇంట్లో వాళ్లు ఏమంటారన్నది మీకే తెలియాలి.

ఇక ఉప్పు కలిపిన నీళ్ల సంగతి. ఇందులో అసలు కష్టం ఉప్పుతో కాదు, నీళ్లతో. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) వందల్లో ఉంటుంది, కొన్ని చోట్ల వెయ్యి దాటుతుంది, నైట్రేట్ కూడా ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్వో ఉంది కదా అంటే, దాంట్లో ఒక మెలిక ఉంది. తాగడానికి రుచి కోసం చాలా మెషీన్లలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న వాల్వ్ పెడతారు. అది కొంత పచ్చి నీళ్లని మళ్లీ కలుపుతుంది. ఇంకొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. మెంబ్రేన్ నుంచి బయటికొచ్చే చోట, ఈ రెండింటికీ ముందే, ఒక టీ ఆకారపు పైపు జాయింట్ పెట్టించుకుని, దానికి డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన లవణాల్ని పట్టేసేది) తగిలిస్తే టీడీఎస్ సున్నాకి వస్తుంది. టెక్నీషియన్‌కి పదిహేను నిమిషాల పని. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్‌ని నమ్ముకోవద్దు. ఒక్కో ప్లాంట్ ఒక్కోలా నింపుతుంది. ఆర్వో పారబోసే నీళ్లు మనకి వచ్చేవాటికి రెండు మూడింతలు ఉంటాయి. వాటిని ఇల్లు తుడవడానికో, బాత్రూమ్‌కో వాడుకోవచ్చు.

సముద్రపు నీళ్లే వాడతాను, ఈ ఆర్వో గొడవ నాకెందుకు అనుకునే విశాఖవాళ్లకి ఇక్కడే చిక్కు వస్తుంది. ట్యాంకులో నీళ్లు రోజూ ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. వేసవిలో ట్యాంక్ మీద ఫ్యాన్ పెడితే 60 లీటర్ల ట్యాంకులో రోజుకి లీటరు దాకా తగ్గవచ్చు. ఆ లోటుని సముద్రపు నీళ్లతో నింపితే వారానికి దాదాపు 245 గ్రాముల ఉప్పు అదనంగా చేరి, 35 కాస్తా 39 అవుతుంది. ఆ లోటు నింపాల్సింది సున్నా టీడీఎస్ మంచినీళ్లతోనే. అంటే సముద్రం పక్కన ఉన్నా ఆర్వో డీఐ తప్పదు. అది ఇంట్లో ఉన్నాక, ఉప్పు కలపడానికి అడ్డేముంది?

మరి ఖర్చు? వారానికి ఆరు లీటర్లకి 220 గ్రాముల చొప్పున, నెలకి కిలో కంటే తక్కువే ఖర్చవుతుంది. ట్యాంక్ మొదటిసారి నింపడానికి రెండు కిలోల పైచిలుకు. ఆ లెక్కన 20 కిలోల బకెట్ ఏడాదిన్నర వస్తుంది. కొనేటప్పుడు ధర చూసి గుండె గుభేలుమన్నా, నెలలకి పంచితే బీచ్‌కి తిరిగే పెట్రోల్‌తో సమానంగానే తేలుతుంది.

రెడ్ సీ, ట్రోపిక్ మారిన్, ఇన్‌స్టంట్ ఓషన్ లాంటి బ్రాండ్లన్నీ ఒక రకం కావు. ఉదాహరణకి రెడ్ సీ కోరల్ ప్రో కలిపితే ఆల్కలినిటీ 12 డీకేహెచ్ దగ్గర ఉంటుంది. అదే కంపెనీ మామూలు ఉప్పు 8 దగ్గర. ఎక్కువ ఉన్నదే మంచిదనుకుని కోరల్ ప్రో కొంటారు. గట్టి పగడాలు వేగంగా పెరుగుతూ ఆల్కలినిటీని తినేసే ట్యాంకుకి అది సరిపోతుంది. మనకి ఆ అవసరం ఎందుకు రాదంటే, గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. గోర్గోనియన్లకీ (విసనకర్రల్లాంటి పగడాలు), సముద్రపు గుర్రాలకీ కూడా ఈ చట్టం రక్షణ ఉంది. మన సముద్రంలో వాటిని పట్టడం, అమ్మడం నేరం. నీళ్ల కోసం వెళ్లి, ఒడ్డున దొరికిన పగడపు రాయి ముక్కని జేబులో వేసుకురావడం కూడా మంచిది కాదు. మన చిన్న ట్యాంకులో ఉండేవి మష్రూమ్‌లు, లెదర్ కోరల్స్, జోయాంతిడ్లు లాంటి మెత్తటి పగడాలు, పింగాణీ రాళ్లు, హ్యాచరీలో పుట్టిన ఒక జత క్లౌన్ చేపలు. క్లౌన్ చేపల్ని గుడ్ల నుంచి పెంచే పద్ధతిని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) మన దేశంలోనే చేసి చూపించింది కాబట్టి, సముద్రంలో పట్టినవాటిని కొనక్కర్లేదు. వీటన్నింటికీ 8 డీకేహెచ్ ఇచ్చే మామూలు ఉప్పు చాలు.

కలపడంలో ఒక్క నియమం: ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది, మళ్లీ కరగదు. చిన్న పంప్ పెట్టి కొన్ని గంటలు తిప్పాలి. కొన్ని బ్రాండ్లని రోజంతా తిప్పకుండా కరిగీ కరగ్గానే వాడమని ప్యాకెట్ మీదే రాస్తారు, అది చదవండి. రిఫ్రాక్టోమీటర్‌ని సరిగ్గా 35 ఉప్పున్న కొలత ద్రావణంతో సరిచూసుకోండి. వంట ఉప్పు వాడొచ్చా అని ఇప్పటికీ అడుగుతుంటారు. వద్దు. అందులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రపు లవణాల్లో మిగిలిన మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్, బైకార్బొనేట్ అందులో ఉండవు.

షాపుల్లో అమ్మే క్యాన్ల సంగతి క్లుప్తంగా. నీళ్లు ఏ నెలలో, ఏ తీరం నుంచి వచ్చాయో అమ్మేవాళ్లకే సరిగ్గా తెలియదు. మీ రిఫ్రాక్టోమీటర్ వెంట తీసుకెళ్లి అక్కడే చూసి కొనగలిగితే అత్యవసరానికి పనికొస్తాయి. ప్రతి వారం వాటినే నమ్ముకునేవాళ్లకి మాత్రం టెన్షన్ తప్పదు.

అత్యవసరం అన్నాను కాబట్టి, ఉప్పు బకెట్‌కి నేను ఎక్కువ మార్కులు వేసే చోటు కూడా అదే. ఏ రాత్రో ఒక నత్త చచ్చి అమ్మోనియా పెరిగిందనుకోండి, ఆర్వో నీళ్లు నిల్వ ఉంటే రెండు మూడు గంటల్లో ఇరవై లీటర్లు తయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. సముద్రం బురదబురదగా ఉంది. పంపులు ఆగిపోయి నీళ్లు మార్చాల్సిన అవసరం అలాంటప్పుడే ఎక్కువ, బీచ్‌కి పోయి ముంచుకునే వీలు అలాంటప్పుడే ఉండదు.

నా మాటకి ఒక మినహాయింపు ఉంది. ట్యాంక్ 300 లీటర్లు దాటి, ఇల్లు తీరంలోనే ఉండి, హ్యాచరీలో మనిషి తెలిసి ఉంటే, ఫిబ్రవరి నుంచి మే దాకా వాళ్ల నీళ్లు వాడి, జూన్ నుంచి ఉప్పుకి మారడం తెలివైన పని. వారానికి ముప్పై లీటర్లకి కిలోకి పైగా ఉప్పు పోసే ఇంట్లో ఆ నాలుగు నెలల మిగులు కళ్లకి కనిపిస్తుంది. మారేటప్పుడు ఒక్కసారిగా కాకుండా, వారానికి పది శాతం మించకుండా మార్చుకుంటూ పోవాలి. వానాకాలంలో ఉప్పు బకెట్ తెరిచి వదిలేస్తే తేమకి గడ్డకడుతుంది, గడ్డకట్టిన ఉప్పుతో ఆల్కలినిటీ తక్కువ చూపిస్తుంది. ఏడాదికి సరిపడా పెద్ద బకెట్ కొంటే, కొన్న రోజే చిన్న డబ్బాల్లోకి పంచి మూతలు బిగించి పెట్టుకోండి.