చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రైజన్ 5 7600: చిప్ సరే, బోర్డు చూసి కొనండి

ప్రాసెసర్ విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. ఏఎండీ వారి రైజన్ 5 7600కి 6 కోర్లు, 12 థ్రెడ్లు, టీడీపీ (కూలర్ ఎంత వేడిని లాగాలో చెప్పే లెక్క) 65 వాట్లు. కూలర్ పెట్టెలోనే వస్తుంది, గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా తెర మీద బొమ్మ వస్తుంది. 7600ఎక్స్ అయితే 105 వాట్లు, కూలర్ విడిగా కొనుక్కోవాలి. మే నెలలో ఏసీ లేని చెన్నై గదికి ఎక్స్ లేనిదే మేలు.

తిప్పలంతా మదర్‌బోర్డుతోనే. తక్కువలో కాంబో (ప్రాసెసర్, బోర్డు కలిపి) కావాలంటే దుకాణంవాళ్లు చేతిలో పెట్టేది ఏ620 చిప్‌సెట్ బోర్డు. 7600 దాని మీద నిక్షేపంగా నడుస్తుంది. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం) ఉండదు, అది ఎంతమందికి కావాలి గనక! చూడాల్సింది వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం. సాకెట్ పక్కనుండే దాని మాస్‌ఫెట్ చిప్‌ల మీద హీట్‌సింకే (వేడిని లాగే లోహపు దిమ్మె) లేని బోర్డులున్నాయి. రేపు అదే బోర్డులో 12 కోర్ల చిప్ వేస్తే అవి కాగిపోయి ప్రాసెసర్ వేగం పడిపోతుంది. ఈ బోర్డుల్లో ఉండే ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. కాబట్టి సాకెట్‌కు పైనా పక్కనా హీట్‌సింకులున్న, ఏ620కి పై తరగతి బీ650 బోర్డుకు ఇంకొంత పెట్టడం దండగ కాదు.

బోర్డు వెనకవైపు, బయోస్‌ను (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో కూడా చూడండి. పాత బయోస్‌తో అరలో ఉండిపోయిన బీ650 బోర్డు, 7600 తర్వాతి తరమైన 9000 సిరీస్ చిప్‌తో ఆన్ కాదు. బటన్ ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి, మాన్యువల్లో చెప్పిన పేరు పెట్టి అప్‌డేట్ చేసుకోవచ్చు. లేకపోతే నెల్లూరు నుంచి వచ్చి కొన్నవాళ్లు మళ్లీ రైలెక్కాల్సిందే.

డబ్బు కట్టేలోపే సాకెట్ మూత తీయించండి. ఏఎం5లో 1718 పిన్నులూ బోర్డుకే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ చేతులెత్తేస్తుంది. ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే వంగినది వేరుగా మెరుస్తుంది. పెట్టె లేని ట్రే ప్రాసెసర్ చవకే గానీ, దాని వారంటీ అమ్మినవాడి మాట మీదే ఆధారపడుతుంది. బిల్లులో సీరియల్ నంబర్లు రాయించుకోండి.

ర్యామ్ డీడీఆర్5 మాత్రమే పడుతుంది: 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ జవాబిచ్చే ఆలస్యానికి కొలత), రెండు స్టిక్కులు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. నాలుగూ నింపితే వేగం బాగా తగ్గించుకోవాల్సి వస్తుంది. పెట్టెలోని కూలర్ బిగించేముందు సాకెట్ పక్కనున్న ప్లాస్టిక్ బ్రాకెట్ల నాలుగు స్క్రూలు విప్పాలి.

తొలిసారి ఆన్ చేశాక తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు పోలేదు, మెమరీ ట్రైనింగ్ జరుగుతోంది, అంటే బోర్డు ర్యామ్‌తో సర్దుకుంటోంది. కంగారుపడి మధ్యలో స్విచ్ కట్టేస్తే ఆ తంతు మళ్లీ మొదటికొస్తుంది.