యూదు ప్రైమరీ స్కూలా, ఇంటి పక్క స్కూలా: ఏది మేలు?

ఇంగ్లండ్‌లో రిసెప్షన్ (ప్రైమరీ స్కూల్లో మొట్టమొదటి తరగతి) సీటుకి దరఖాస్తు పెట్టడానికి ఆఖరు తేదీ జనవరి 15. సరిగ్గా మన సంక్రాంతి రోజులు. పొయ్యి మీద అరిసెల పాకం, పక్కన లాప్‌టాప్‌లో కౌన్సిల్ ఫారం. కనీసం మూడు స్కూళ్ల పేర్లు రాసే వీలుంటుంది. మా ఇంట్లో మాత్రం రెండు పేర్ల మీదే నెలరోజులు చర్చ నడిచింది: నడిచి వెళ్లగలిగే మామూలు కౌన్సిల్ స్కూల్, బస్సెక్కి వెళ్లాల్సిన యూదు ప్రైమరీ స్కూల్.

"యూదుల బడిలో మన పిల్లని చేర్చుకుంటారా?" అని మా అత్తయ్య ఫోన్‌లో అడిగారు. చేర్చుకుంటారు. బర్మింగ్‌హామ్ మోస్లీలోని కింగ్ డేవిడ్ స్కూల్ యూదు బడే, అయినా అక్కడి పిల్లల్లో ఎక్కువమంది చాలా ఏళ్లుగా ముస్లింలు. ఊళ్లో యూదుల సంఖ్య తగ్గింది, చుట్టుపక్కల వాళ్లు ఆ బడిని తమది చేసుకున్నారు. మన కలకత్తా జూయిష్ గర్ల్స్ స్కూల్ కథా ఇంచుమించు ఇదే. ఉత్తర లండన్ మస్వెల్ హిల్‌లో 2011లో మొదలైన యూదు బడి ఈడెన్ ప్రైమరీ సంగతి వేరు. అది ఫ్రీ స్కూల్‌గా (ప్రభుత్వ నిధులతో, కౌన్సిల్ అధీనంలో లేకుండా నడిచే బడిగా) పుట్టింది, అంటే సీట్లకు పోటీ ఉన్నప్పుడు మతం చూసి ఇచ్చేవి సగానికి మించకూడదన్న నిబంధన కింద. స్కాట్లండ్‌లో గ్లాస్గో దగ్గరి యూదు బడి కాల్డర్‌వుడ్ లాడ్జ్ 2017 నుంచి ఒక క్యాథలిక్ స్కూల్‌తో కలిసి ఒకే ప్రాంగణంలో నడుస్తోంది.

అయితే "అందరికీ స్వాగతం" అన్న బోర్డు ఒక్కటే చూడకండి. అడ్మిషన్ పాలసీ తెరిచి, సీట్లకు మించి దరఖాస్తులొస్తే మొదట ఎవరికిస్తారో చదవండి. పోటీ లేకపోతే ఏ మతం వాళ్లనైనా కాదనే వీల్లేదు. పోటీ ఎక్కువుంటే మన వరుస ఎక్కడో అడుగునుంటుంది.

ఫీజు రెండు చోట్లా లేదు. యూదు స్కూల్ మతబోధనకీ సెక్యూరిటీకీ విరాళం అడగొచ్చు, ఇవ్వడం తప్పనిసరి కాదు.

మతం గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. కౌన్సిల్ స్కూల్లో మతం ఉండదనుకుంటారు. చట్టం ప్రకారం అక్కడా రోజూ సామూహిక ప్రార్థన ఉండాలి, అది స్థూలంగా క్రైస్తవ పద్ధతిలో సాగాలి. చాలాచోట్ల అది నీతికథల అసెంబ్లీలా నడిచిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ప్రార్థన నుంచి, మతబోధన నుంచి బిడ్డను తప్పించమని అడిగే హక్కు రెండు చోట్లా ఉంది. కానీ యూదు స్కూల్లో శుక్రవారం కొవ్వొత్తులు, హల్లా రొట్టె, హీబ్రూ పాటలు రోజువారీ బడిలోనే కలిసిపోయి ఉంటాయి. వాటిని వద్దనుకునేవాళ్లు అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

నాకు మాత్రం అదే నచ్చింది. మేం చూడ్డానికి వెళ్లిన యూదు స్కూల్లో ఒక పాప తన హీబ్రూ పుస్తకం చూపించింది. కుడి నుంచి ఎడమకు రాత. ఒకటే అక్షరం, దాని కింద చిన్న గీత గీస్తే 'బా', చుక్క పెడితే 'బి'. అచ్చం మన గుణింతమే! ఇంట్లో పలక మీద గుడి, కొమ్ము దిద్దుతున్న మా అమ్మాయి వెంటనే వేలు పెట్టి చూపించింది. రెండు లిపుల మధ్య తెలుగు వెనకబడుతుందేమోనన్న నా భయం అక్కడే సగం తగ్గింది.

ఇంకో మాట. వాళ్లదీ చంద్రుణ్ణి బట్టి నడిచే క్యాలెండరే, అధిక మాసమూ ఉంది. అందుకే వాళ్లు ఉపవాసముండే యోం కిప్పూర్, మన విజయదశమి 2024లో అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న ఒకే రోజు వచ్చాయి. 2023లో మనకు అధిక శ్రావణం రావడంతో నెల తేడా వచ్చింది. కలిసొచ్చిన ఏడాది దసరాకు సెలవు అడగక్కర్లేదు. ఉద్యోగాలు చేసేవాళ్లకు ఇదే క్యాలెండర్ తలనొప్పి కూడా. సెప్టెంబర్, అక్టోబర్‌లలో రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), సుక్కోత్ (పందిళ్ల పండగ)లకూ సెలవులుంటాయి, మన ఆఫీసులకు ఉండవు. డిసెంబర్‌లో నాలుగు దాటకముందే పొద్దు గుంకుతుంది. వాళ్ల వారపు విశ్రాంతి దినం షబ్బాత్ శుక్రవారం పొద్దు గుంకగానే మొదలు కాబట్టి చలికాలం శుక్రవారాల్లో చాలా యూదు బడులు తొందరగా వదిలేస్తాయి. ఆ గంట ఎవరు వెళ్లి తీసుకొస్తారో ముందే తేల్చుకోవాలి.

భోజనం దగ్గర జాగ్రత్త. అక్కడ కోషర్ భోజనం, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం పంది మాంసం, రొయ్యలు ఉండవు, బీఫ్ ఉండొచ్చు. శాకాహారులు ముందే చెప్పాలి. మాంసం, పాలు కలిపి తినరు కాబట్టి ఇంటి నుంచి తెచ్చే డబ్బాలో శాకాహారమే ఉండాలనే బడులున్నాయి. మన పులిహోరకు అడ్డేముంది!

నిజంగా నన్ను ఆపింది గేటు దగ్గరి కాపలా. యూదు బడులకు గార్డుల ఖర్చు ప్రభుత్వమే గ్రాంటుగా ఇస్తుంది, యూదులపై దాడుల భయం అలాంటిది. రోజూ ఆ గార్డును దాటి పిల్లను లోపలికి పంపడం టెన్షనే. అక్కడి యూదు తల్లులు మాత్రం ఆ టెన్షన్‌తోనే రోజూ పంపుతున్నారు. ఆ మాట మావారితో అన్నాక ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు.

ఇద్దరూ ఐదు రోజులూ ఆఫీసుకెళ్లే ఇల్లయితే ఇంటి పక్క స్కూలే మేలు, సందేహం లేదు. సాయంత్రం పార్కులో కలిసే స్నేహితులు కూడా అక్కడే దొరుకుతారు. ఒకరికి శుక్రవారం వెసులుబాటు ఉండి, బిడ్డ ఒక మతాన్ని దగ్గర్నుంచి చూడటం ఇష్టమైతే నేను యూదు స్కూల్ వైపే మొగ్గుతాను. తమ పండగను అంత శ్రద్ధగా చేసుకునేవాళ్లకు మన పండగ విలువ విడమర్చి చెప్పక్కర్లేదని నాకనిపించింది.

మేం యూదు స్కూల్‌ని మొదట, ఇంటి పక్క స్కూల్‌ని రెండోదిగా రాశాం. మీరు ఏ వరుసలో రాశారో స్కూళ్లకు తెలియదు, కాబట్టి మొదట రాసిన చోట రాకపోయినా రెండో దాంట్లో అవకాశం తగ్గదు. ఫలితం ఏప్రిల్ 16న వస్తుంది.