రీలా మఠం: పగటి టూరు చాలదు

సోఫియాలో ఏ టూర్ ఏజెన్సీ బోర్డు చూసినా మొదట కనిపించేది రీలా అనే క్రైస్తవ మఠం డే ట్రిప్పే. బల్గేరియా రాజధాని నుంచి దక్షిణంగా 120 కిలోమీటర్ల లోపు దూరం. అయితే ఈ ట్రిప్పుల్లో చాలావాటికి బోయానా చర్చిని కూడా తగిలిస్తారు. అక్కడి 1259 నాటి కుడ్యచిత్రాలు గొప్పవే, కాదనను. కానీ లోపల పది నిమిషాలకు మించి ఉండనివ్వరు. దానికోసం చుట్టూ తిరిగి రీలా చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. భోజనం పోగా మఠానికి మిగిలేది గంటన్నర. అందుకే మేం టూరు వద్దనుకుని, మఠంలోనే రాత్రి ఉండేలా వెళ్లాం.

సోఫియా నుంచి నేరుగా వెళ్లే బస్సులు చాలా తక్కువ. అదే రోజు వెనక్కి రావాలనుకుంటే తిరుగు బస్సు టైం ముందే కనుక్కోవాలి, లేకపోతే టెన్షనే. నలుగురుంటే కారు అద్దెకు తీసుకోవడం మేలు.

బయటి నుంచి చూస్తే ఇది కోటే. ఇరవై మీటర్లు దాటిన రాతి గోడలు, పైన చిన్న చిన్న కిటికీలు. గేటు దాటగానే అంతా మారిపోతుంది. నలుపు, తెలుపు, ఎరుపు చారల కమాన్లు, అంతస్తు మీద అంతస్తుగా చెక్క వరండాలు, మధ్యలో చర్చి, వెనక రీలా కొండలు. 10వ శతాబ్దంలో ఇక్కడి గుహలో తపస్సు చేసుకున్న ఇవాన్ రిల్‌స్కీ అనే సన్యాసి శిష్యులు మొదలుపెట్టిన మఠం ఇది. కానీ మనం చూసే కట్టడాల్లో ఎక్కువ భాగం 1833 అగ్నిప్రమాదం తర్వాత కట్టినవే. వాటికంటే బాగా పాతది ఆవరణలోని హ్రెల్యో బురుజు, 1334-35 నాటిది. ఇవాన్ రిల్‌స్కీ బొమ్మ ఇప్పుడు బల్గేరియా ఒక యూరో నాణెం మీద ఉంది. 2026 జనవరి నుంచి అక్కడ యూరోనే చెల్లుతుంది, పాత గైడు పుస్తకాల్లో పాత కరెన్సీ లెవాలో ఉన్న ధరలు పట్టించుకోకండి.

ఎక్కువసేపు నిలబడాల్సింది చర్చి బయటి వసారాలో. చిత్రకారుడు జహారీ జోగ్రాఫ్ తదితరులు అక్కడి గోడల మీద వేసిన బొమ్మలు 1846కల్లా పూర్తయ్యాయి. స్వర్గ నరకాలు సరే, అవి ఎక్కడైనా ఉంటాయి. నన్ను కదలనివ్వనిది, జబ్బు చేస్తే మంత్రగత్తెల దగ్గరికి పరిగెత్తేవాళ్ల బొమ్మ. మందిచ్చే చోట చుట్టూ దయ్యాలు కులాసాగా చిందులేస్తుంటాయి. చేతబడి, భూతవైద్యం కథలు వింటూ పెరిగిన మనకు దీనికి గైడు అక్కర్లేదు. వసారాలో ఫోటోలు తీసుకోవచ్చు, చర్చి లోపల కుదరదు. భుజాలు, మోకాళ్లు కప్పుకొని వెళ్లాలి.

ఆవరణలోకి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. ఆ డబ్బు రఫయీల్ అనే సన్యాసి చెక్కిన శిలువ ఒక్కదానికే గిట్టుబాటు. ఒకే చెక్కలో, మూరన్నర పైన ఉండే ఆ శిలువ మీద 600కు పైగా బొమ్మలు చెక్కాడా సన్యాసి. పన్నెండేళ్లకు పైగా పట్టి 1802లో పూర్తయ్యేసరికి ఆయన చూపు పోయిందంటారు. బొమ్మలు మరీ చిన్నవి, గుంపు లేనప్పుడు దగ్గరగా వెళ్లి చూడాలి. 22 మీటర్ల ఎత్తున పొగగొట్టం లేచే పాత వంటశాలను కూడా వదలకండి.

ఇక బస. గదులు సాదాసీదావి, పేరుకు తగ్గట్టు సన్యాసి గదులే. హోటల్ సుఖాలు కావాలంటే బయట లాడ్జీలున్నాయి. దాదాపు 1,150 మీటర్ల ఎత్తు కాబట్టి వేసవిలో కూడా స్వెట్టర్ ఉండాలి. రాత్రి గేటు మూసేస్తారు, భోజనం ముందే ముగించుకోవాలి. ఇన్ని షరతులున్నా నేను ఇక్కడికే ఓటేస్తాను. సాయంత్రం టూరు వ్యాన్లు వెళ్లిపోయాక, పొద్దున అవి రాకముందు, ఆ వసారాలో మనమే ఉంటాం. పగలు సెల్ఫీ కర్రల మధ్య ఒక్క బొమ్మ కూడా కుదురుగా చూడలేం.

తిండి దగ్గర కాస్త ఓపిక కావాలి. గేటు బయట ఒక రెస్టారెంట్‌లో చిక్కుడు గింజల సూప్ అడిగితే ముప్పావుగంటకు వచ్చింది, అదీ చల్లారిపోయి. మాంసం ఉందా అని అడిగితే వెయిటర్ తల అడ్డంగా ఊపాడు. బల్గేరియాలో పాత అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపితే అవునని, పైకెత్తితే కాదని. కాబట్టి శాకాహారులు నోటితో చెప్పించుకోవాలి: "దా" అంటే అవును, "నె" అంటే కాదు. వెనక గేటు దగ్గరి బేకరీలో దొరికే మెకిత్సీ మాత్రం తప్పక తినాలి. పెరుగు కలిపిన పిండిని నూనెలో వేయించి పైన చక్కెర పొడి చల్లుతారు, పొంగిన తీపి పూరీలా ఉంటుంది. పిండిలో గుడ్డు వేస్తారు, తినని వాళ్లు గమనించాలి.

మర్నాడు ఇవాన్ గుహకు వెళ్లండి, మఠం నుంచి నాలుగు కిలోమీటర్ల లోపే. గుహ పైన ఇరుకు సందులోంచి బయటికి రావాలి, పాపాలున్నవాళ్లు ఇరుక్కుంటారని నమ్మకం. లావుగా ఉన్నవాళ్లకు ఇది కాస్త అన్యాయమే. అదే రోజు రీలా ఏడు సరస్సులు కూడా చుట్టేద్దామనుకోకండి. మ్యాప్‌లో పక్కనే కనిపిస్తాయి గానీ, వాటికి వెళ్లే కుర్చీ రోప్‌వే కొండలకు అవతలి వైపు ఉంది. దానికి వేరే రోజు పెట్టుకోవాలి.