కలబంద పువ్వు కోసం ఆరేళ్ళు: బెంగళూరు టెర్రస్ మీద నా అనుభవం

కలబంద గుజ్జు జుట్టుకి మంచిదా, మొహానికి మంచిదా అన్నది అందరూ రాసేశారు కాబట్టి నేను దాని జోలికి పోను. నాకు ఈ మొక్క మీద ఇంత ప్రేమ పుట్టడానికి కారణం దాని పువ్వు, అంతే. 2018లో లాల్‌బాగ్ దగ్గర సిద్దాపురలో ఒక నర్సరీలో జానెడు పిలక కొన్నాను. ఇది పూస్తుందని అమ్మినవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

2024 సంక్రాంతికి అనంతపురం వెళ్ళి వచ్చేసరికి మట్టల మధ్య నుంచి బొటనవేలంత లావున ఏదో మొన పైకి లేచి ఉంది. చిన్న మొక్కజొన్న కంకిలా ఉంటే పురుగు పట్టిందేమో అనుకుని దగ్గర కూర్చుని చూశాను. రోజూ పెరుగుతూ నాలుగు వారాల్లో రెండున్నర అడుగులు దాటింది, ఆ తర్వాత కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో వరసా విచ్చుకుంది. లేత పసుపు గొట్టాల్లాంటి పూలు, అన్నీ కిందికి వేలాడుతూ. వాసన లేదు. అయితే కింది పూలు విచ్చిన నాలుగైదు రోజులకే తేనెపిట్టలు వచ్చాయి. పొట్ట పసుపు, ముక్కు సన్నగా వంకర, బొటనవేలంత పిట్ట ఆ కాడని పట్టుకుని, తల పైకెత్తి ఒక్కో గొట్టంలో ముక్కు పెట్టి తాగుతుంటే నేను ఆఫీస్ క్యాబ్ మిస్ అయిన రోజులు ఉన్నాయి. ఆ నెల రోజులూ పొద్దున కాఫీ టెర్రస్ మీదే.

నిజానికి ఈ మొక్క ఆ పువ్వు దాకా రావలసింది కాదు. 2022 గుర్తుందిగా, సెప్టెంబరు మొదట్లో వానలకి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ మునిగిపోయిన ఏడాది. మా కుండీ టెర్రస్‌లో సరిగ్గా పైకప్పు షీట్ అంచు కింద ఉండేది, షీట్ మీది నీళ్ళన్నీ దాంట్లోనే పడ్డాయి. దానికి తోడు నర్సరీ వాళ్ళు పెట్టిన కోకోపీట్‌నే (నీళ్ళు పట్టి ఉంచే కొబ్బరి పొట్టు) నేను నాలుగేళ్ళు మార్చకుండా ఉంచాను, కుండీ ప్లాస్టిక్‌ది. కింది మట్టలు ఉడికించినట్టు మెత్తబడి, ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చాయి. పీకి చూస్తే వేళ్ళు నల్లగా, కుళ్ళు వాసన. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. అమ్మ ఒకటే మాట అంది: "మన గుమ్మానికి దిష్టికి కట్టిన కలబందకి ఎవరు నీళ్ళు పోస్తున్నారే? ఏడాదిగా పచ్చగానే ఉంది. దీన్నీ నీళ్ళు తగలకుండా పక్కన పెట్టు."

అలాగే చేశాను. నల్లబడింది అంతా చాకుతో తీసేసి, లోపల శుభ్రంగా తెల్లగా కనిపించే దాకా కోసి, వంటింటి పక్క యుటిలిటీలో పేపర్ మీద మూడు వారాలు వదిలేశాను. మట్టలు సన్నబడి ముడుచుకున్నాయి కానీ చావలేదు. ఈ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి పూట తెరుస్తాయి, అందుకే దాచుకున్న నీరు అంత త్వరగా పోదు. తర్వాత మట్టి కుండీలో సగం ఎర్రమట్టి, మిగతా సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నాటి, వారం దాకా చుక్క నీరు పోయలేదు. జనవరికి కొత్త మట్ట లేచింది. పువ్వు వచ్చింది ఆ తర్వాతి ఏడాది.

ఇంతకు ముందు అడిగినవాళ్ళందరికీ "కలబందకి ఏమీ చేయనక్కర్లేదు, దానంతట అదే బతుకుతుంది" అని చెప్పేదాన్ని. ఆ మాట ఇప్పుడు అలా చెప్పను. ఎండకి ఓర్చుకుంటుంది, నేను నెల రోజులు ఊళ్ళో లేకపోయినా ఓర్చుకుంటుంది, కుండీలో నిలిచిన నీటికి మాత్రం అస్సలు ఓర్చుకోదు. ఎండ సంగతి కూడా, 2021 మార్చిలో ఇల్లు మారి బాల్కనీ నుంచి ఒక్కసారిగా టెర్రస్ మీద పెడితే మట్టలన్నీ ఇటుక రంగుకి తిరిగాయి, వానలు మొదలయ్యాక గానీ మళ్ళీ పచ్చబడలేదు. కొంచెం కొంచెంగా అలవాటు చేయాల్సింది.

పువ్వు ప్రతి ఏడాదీ గ్యారంటీ అని కూడా అనలేను. 2025లో వచ్చిన కాడ పొట్టిగా ఉంది, దాని నిండా పేనుబంక, చీమలు. మందు కొడితే తేనెపిట్టలకి ఏమవుతుందో అన్న టెన్షన్‌తో రోజూ నీళ్ళ స్ప్రేతోనే కడిగాను, సగం పూలు దక్కాయి. ఆ తర్వాత పక్క స్థలంలో నాలుగంతస్తులు లేచి మాకు పొద్దుటి ఎండ పోయింది.

నాది పై అంతస్తు అద్దె ఇల్లు, టెర్రస్ మాకే ఉంది, అందుకని నాకు కుదిరింది. ఇదే మొక్క పిలకలు ఆఫీసులో ఇద్దరికి ఇచ్చాను, ఒకరిది ఉత్తరం బాల్కనీ, ఒకరిది కిటికీ లోపల. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి, ఒక్కటీ పూయలేదు. రోజుకి ఐదారు గంటలు నేరుగా ఎండ లేని ఇల్లయితే పువ్వు కోసమని దీన్ని కొనమని నేను చెప్పను, గుజ్జు కోసమైతే మీ ఇష్టం. నా కుండీని మొన్ననే వాటర్ ట్యాంక్ అవతలి వైపుకి జరిపాను, అక్కడ మూడింటి దాకా ఎండ ఉంటోంది. తేనెపిట్ట ఒకటి ఇప్పటికీ కేబుల్ వైరు మీద వచ్చి కూర్చుంటుంది.