పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీ: ఏళ్ల తరబడి వాడాక తేలిన లోటుపాట్లు

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ (సిద్ధంగా ఉన్న మాడ్యూళ్ల సముదాయం) అంటే నాకు గౌరవం ఎక్కువే. బయటి ప్యాకేజీలు తెచ్చే పిప్ టూల్‌తో ఏదీ దించుకోనక్కర్లేదు, ఇంటర్నెట్ లేని సర్వర్ మీదైనా స్క్రిప్ట్ నడుస్తుంది. పాత్‌లిబ్, కలెక్షన్స్, ఎస్‌క్యూలైట్3లను నిశ్చింతగా వాడొచ్చు. చిక్కంతా డిఫాల్టులతోనే, అంటే మనం ఏమీ చెప్పకపోతే అది తనంతట తాను తీసుకునే విలువలతో. ఎప్పుడో ఖాయం చేసినదాన్ని ఇప్పుడు మారిస్తే లెక్కలేనన్ని పాత ప్రోగ్రాములు చెడతాయి కాబట్టి, అది సరికాదని తెలిసినా చాలాకాలం అలాగే ఉండిపోతుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది వెబ్ అడ్రస్‌ల నుంచి డేటా తెచ్చే యూఆర్ఎల్‌లిబ్. అందులోని యూఆర్ఎల్ఓపెన్ ఫంక్షన్‌కి టైమౌట్ (ఎన్ని సెకన్లు ఎదురుచూడాలో) ఇవ్వకపోతే మామూలుగా దానికి గడువంటూ ఉండదు. అవతలి సర్వర్ కనెక్షన్ తీసుకుని జవాబివ్వకుండా ఊరుకుందంటే ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క లైనూ పడదు. రాత్రి క్రాన్‌లో (నిర్ణీత వేళకి ప్రోగ్రాములు నడిపే షెడ్యూలర్‌లో) మొదలైన జాబ్ తెల్లారినా అక్కడే ఆగి ఉంటుంది. అందుకే ప్రతి కాల్‌లోనూ టైమౌట్ 10 అనో 30 అనో రాయాలి. ఆ గడువు కూడా మొత్తం డౌన్‌లోడ్‌కి కాదు, సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) మీద జరిగే ఒక్కో ఆపరేషన్‌కి. డేటాని కొంచెం కొంచెంగా పంపుతూ పోయే సర్వర్ దగ్గర అది అక్కరకు రాదు. పైగా యూఆర్ఎల్‌లిబ్ కనెక్షన్‌ని మళ్లీ వాడుకోదు. ఒకే హోస్ట్‌కి 100 రిక్వెస్టులు పంపితే 100 సార్లూ కొత్తగా టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ (సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే తంతు) జరగాల్సిందే. రీట్రైలు (విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం) సరేసరి, మనమే రాసుకోవాలి. హెచ్‌టీటీపీ పని ఎక్కువగా ఉన్న ప్రాజెక్టుకి పిప్‌తో తెచ్చుకునే హెచ్‌టీటీపీఎక్స్ ప్యాకేజీ నయం, దాని డిఫాల్ట్ టైమౌట్ 5 సెకన్లు. అందరూ వాడే రిక్వెస్ట్స్ ప్యాకేజీలో సెషన్ వాడితే కనెక్షన్ల బాధ తీరుతుంది కానీ, టైమౌట్ మాత్రం అక్కడా మనమే ఇవ్వాలి.

డేట్‌టైమ్ మాడ్యూల్‌లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఇవ్వాల్సిన యూటీసీనౌ ఫంక్షన్ ఇచ్చే విలువకి టైమ్‌జోన్ ఉండదు. దాన్ని టైమ్‌స్టాంప్‌గా (1970 నుంచి గడిచిన సెకన్ల లెక్కగా) మారిస్తే లోకల్ టైమ్ అనుకుని లెక్క కడుతుంది. సర్వర్ యూటీసీలో ఉన్నంతకాలం తప్పు బయటపడదు, వేరే టైమ్‌జోన్‌లో ఉన్న మెషీన్ మీద నడిపితే లెక్క గంటల తేడాతో వస్తుంది. పైథాన్ 3.12లో యూటీసీనౌని డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దని హెచ్చరిక పెట్టారు. ఇప్పుడు నౌ ఫంక్షన్‌కే టైమ్‌జోన్ యూటీసీ అని ఇవ్వాలి.

డేటాని జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో రాసే జేసన్ మాడ్యూల్, నాన్ (NaN, సంఖ్య కానిది) విలువను యథాతథంగా రాసేస్తుంది. అది చెల్లుబాటయ్యే జేసన్ కాదు, బ్రౌజర్ పార్సర్ ఒప్పుకోదు. అలౌ నాన్ (allow_nan) అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తే తప్పు రాసేచోటే దొరుకుతుంది.

అసలు చిక్కు వెర్షన్ దగ్గర. పిప్ ప్యాకేజీలో లోపముంటే దాన్నొక్కదాన్నే అప్‌గ్రేడ్ చేసుకుంటాం. స్టాండర్డ్ లైబ్రరీలో అయితే ఇంటర్‌ప్రెటర్‌నే, అంటే మొత్తం పైథాన్ వెర్షన్‌నే మార్చాలి. చివర జెడ్ (యూటీసీకి గుర్తు) ఉన్న ఐసో ప్రమాణం టైమ్‌ని డేట్‌టైమ్‌లోని ఫ్రమ్‌ఐసోఫార్మాట్ చదవగలిగింది 3.11 నుంచే. దానికోసం వెర్షన్ మారిస్తే మరోచోట కొన్ని మాయమవుతాయి: 3.12లో డిస్ట్‌యుటిల్స్ పోయింది, 3.13లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ సహా 19 మాడ్యూళ్లు తీసేశారు. అందుకే మారేముందు పాత వెర్షన్ మీదే డిప్రికేషన్ వార్నింగులను ఎర్రర్లుగా మార్చి టెస్టులన్నీ నడపండి. టెస్టులు తాకని ఫైళ్లలో ఇంపోర్ట్ లైన్లను గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) తో విడిగా వెతకాలి.