పైన పరిచిన ఎర్రమట్టిని చూసి స్థలం కొనకండి

విజయనగరం చుట్టుపక్కల ఇంటి స్థలం చూస్తున్నవారు అడ్వాన్సు ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఇటు లేఅవుట్లు బాగా పెరిగాయి. అలాంటి ఒకదానిలో నేనూ నా భార్యా 200 గజాలు కొన్నాం.

చూడటానికి వెళ్లిన రోజు నేలంతా ఎర్రగా, గట్టిగా ఉంది. మన జిల్లాలో ఎర్రనేలలే ఎక్కువ కాబట్టి అనుమానం రాలేదు. పైగా అమ్మిన వ్యక్తి సాయిల్ టెస్టు రిపోర్టు చేతిలో పెట్టాడు. నేల చదరపు మీటరుకు 20 టన్నుల బరువు మోస్తుందని, మట్టి పరీక్షకు వేసిన బోరు నంబరు 2లో 10 మీటర్ల వరకు నీరు తగలలేదని అందులో రాసి ఉంది. ముద్ర ఉంది, సంతకం ఉంది. నమ్మి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం.

ఫుటింగ్ (కాలమ్ కింద వేసే కాంక్రీటు దిమ్మ) గుంతలు తవ్విన మొదటిరోజే అసలు సంగతి బయటపడింది. నాలుగడుగుల వరకు పైన పరిచిన ఎర్ర గ్రావెల్. దాని కింద నల్లటి బంకమట్టి, అందులో కుళ్లిన వేర్లు, నత్తగుల్లలు. ఐదడుగుల దగ్గర నీళ్లు ఊరాయి. పది మీటర్ల లోతులోనూ లేదన్న నీరు ఐదడుగులకే వచ్చింది. పక్క పొలంలో ఉన్న పెద్దాయన గట్టు మీదికి వచ్చి చూసి, "ఇది బంద కదా బాబూ, మా గేదెలు ఇందులోనే దిగేవి" అన్నారు. బంద అంటే మా వైపు చిన్న చెరువు. పెద్దాయన మాట విని నా భార్య అక్కడే కూలబడిపోయింది.

మేస్త్రీ మాత్రం ఇంకో రెండడుగులు తవ్వి ఇసుక పోసి కట్టేద్దామన్నాడు. అలాంటి సలహా ఎవరిచ్చినా వినకండి. చెరువు అడుగున పేరుకున్న బంకమట్టి నిండా నీరుంటుంది. ఇంటి బరువు పడ్డాక ఆ నీరు ఏళ్ల తరబడి మెల్లగా బయటికి పోతూ మట్టి కుంగుతుంది. అన్ని కాలమ్‌ల కిందా ఒకేలా కుంగితే కొంత నయం, కానీ అలా జరగదు. ఒక మూల ఎక్కువ దిగుతుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు వస్తాయి. రోలరుతో పొరలు పొరలుగా తొక్కించకుండా లారీలతో ఒంపిన గ్రావెల్ కూడా తన వంతుగా కుంగుతుంది.

పని ఆపి, మాకు తెలిసిన ఇంజనీరుతో మా ఎదుటే బోరు వేయించాం. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దించుతారు. చివరి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో అదే ఎన్ విలువ. మా స్థలంలో రెండు మీటర్ల దగ్గర మూడే దెబ్బలు, అంటే మట్టి చాలా మెత్తన. ఏడు మీటర్లు దాటాక గానీ గట్టి రాతిపొర రాలేదు. ఇప్పుడు దాని వరకు పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయిస్తున్నాం. పునాది ఖర్చు అనుకున్నదానికి రెండింతలు దాటింది. అమ్మాయి చదువుకని దాచిన డబ్బు అందులోకే పోయింది.

అందుకే చెబుతున్నాను, అమ్మేవాడిచ్చే రిపోర్టు మీద ఆధారపడవద్దు. రిజిస్ట్రేషన్‌కు ముందే మీ ఖర్చుతో, మీరు దగ్గరుండి బోరు వేయించండి. ఒప్పుకోకపోతే ఆ స్థలం వదిలేయండి. గుంత తవ్వి చూస్తే చాలదు. ఫుటింగ్ వెడల్పు ఐదడుగులైతే దాని అడుగు నుంచి ఇంకా కనీసం ఏడున్నర అడుగుల లోతు వరకు మట్టి సంగతి తెలియాలి. రిపోర్టులో బోరు ఎక్కడ వేశారో ప్లాను మీద గుర్తు, తేదీ, నీటిమట్టం, ప్రతి లోతులో ఎన్ విలువ లేకపోతే అది చిత్తుకాగితం.

మట్టి నల్లగా ఉంటే ఉబ్బే గుణం కూడా పరీక్షించమనండి. జల్లించి ఎండబెట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదానిలో నీరు, మరొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలోది దానికంటే 50 శాతం మించి ఉబ్బితే మామూలు పునాది గురించి ఆలోచించవద్దు. శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధార ఒడ్డున కొనేవారు పైన ఇసుక కనిపించినా దాని కింద మెత్తటి బంకమట్టి పొర ఉందేమో చూసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు గ్రామ పటం తీసి చూడండి. మీ సర్వే నంబరు పక్కన చెరువో, బందో, గెడ్డో (వాగు) ఉందేమో తెలుస్తుంది. చుట్టుపక్కల రైతులను అడగండి. నేను ఆ పెద్దాయనను ఒక్క నెల ముందు అడిగి ఉంటే సరిపోయేది.

మా లేఅవుట్‌లో ఇంకా 11 ప్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. మీకు చూపించే రిపోర్టులో బోరు నంబరు 2, పది మీటర్ల వరకు నీరు తగలలేదు అని ఉంటే, అది మాకిచ్చిన కాగితమే.